కాళ్ళు లాగుతున్నాయి నాన్నా

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక మావాడు నా గది తలుపు దగ్గర నిలబడి "నాన్నా, కాళ్ళు లాగుతున్నాయి" అన్నాడు. వాడికి పదకొండేళ్ళు. నాతో ఏదైనా రెండు మాటల్లో తేల్చేసే వయసు, భుజం మీద చెయ్యేస్తే పక్కకి జరిగిపోయే వయసు. అలాంటివాడు తనే వచ్చి అడిగాడంటే నిజంగానే లాగుతున్నాయన్నమాట. పగలంతా ఆడీ ఆడీ రాత్రికి రెండు పిక్కలూ పట్టేస్తాయి, పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు, మళ్ళీ ఆటే. ఎదుగుదల నొప్పులు అని పేరైతే పెట్టారు గానీ ఎదగడానికీ ఈ నొప్పికీ సంబంధం ఉందని ఎవరూ తేల్చలేదట. ఇదివరకోసారి చూపిస్తే డాక్టరు గారే చెప్పారు, మెల్లగా ఒత్తండి చాలు అని.

సరే అని వాడి మంచం మీద కూర్చుని లైటు వెయ్యకుండానే మొదలుపెట్టా. తొడ దగ్గర్నించి కిందకి, మోకాలు దాటి పిక్క, పిక్క దాటి చీలమండ, అక్కడ ఒక్క క్షణం ఆగి అరికాలు, రెండు బొటనవేళ్ళతో మడమ నుంచి పైకి, ఆ తర్వాత ఒక్కో వేలూ. రెండో కాలికి వచ్చేసరికి గమనించా, నేను లోపల్లోపల అంకెలు లెక్కపెడుతున్నా. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ, ఐదూ. తొడ నుంచి చీలమండకి ఐదు అంకెలు. ఇప్పుడా కాలికి ఐదు అంకెలు ఎక్కడ సరిపోతాయి, మోకాలు దాటేసరికే అయిపోతాయి. కానీ చేతులకి ఆ సంగతి తెలీదు, అవి పదేళ్ళ కింద నేర్చుకున్న లెక్కలోనే ఉండిపోయాయి.

ఆ లెక్క ఎక్కడిదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

వాడు పుట్టినప్పుడు నాకు ప్రేమ పొంగుకు రాలేదు. ఈ మాట బయటకి అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అందరూ చెప్పేది వేరు కదా, బిడ్డని చేతిలో పెట్టగానే ప్రపంచం ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి అని. నాకు తిరిగింది తల. రెండు కిలోల ఏడు వందల గ్రాములు, ముడతలు పడ్డ మొహం, మూసుకున్న పిడికిళ్ళు, ఎవరింటికో వచ్చిన చుట్టంలా ఉన్నాడు. మెడ నిలబడదు, నడినెత్తిన మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది, అది చూస్తేనే నాకు గుండె జారేది. ఎత్తుకోమంటే వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులూ దూరంగా చాపి పట్టుకునేవాడ్ని. మూడో రోజు తూకం వేస్తే రెండున్నర కిలోలే ఉన్నాడు. నా చేతుల్లో ఉండగా తగ్గిపోయాడేమో అన్నంత కంగారు పడ్డా. మొదటి రోజుల్లో పదో వంతు దాకా తగ్గడం మామూలేనండీ, రెండు వారాల్లో మళ్ళీ వచ్చేస్తుంది అన్నారు డాక్టరు గారు. వచ్చేసింది కూడా. నా భయం మాత్రం అలాగే ఉంది.

మా ఆవిడకి ఆపరేషన్ అయింది. కూర్చోవాలన్నా వంగాలన్నా కుట్లు లాగేవి. పాలిచ్చి పడుకోబెట్టడం వరకూ తను, మిగతావన్నీ మిగతావాళ్ళు, ఆ మిగతావాళ్ళలో నేను చివరి వరసలో ఉండేవాడ్ని. ఆస్పత్రి నుంచి వచ్చేసే రోజు పొద్దున ఒక సిస్టర్ గారు నన్ను గమనించినట్టున్నారు, వయసులో పెద్దావిడ. "బాబుకి రోజూ ఒళ్ళు పట్టాలి, ఇంట్లో ఎవరు చేస్తారు?" అని అడిగారు. మా ఆవిడ నావైపు చూపించేసింది. నేను నవ్వి తప్పించుకోబోతే తను నీరసంగానే అంది, "ఏమండీ, వాడేం గాజుబొమ్మ కాదు."

సిస్టర్ గారు నా చేతి గడియారం, ఉంగరం తీయించారు, గోళ్ళు చూశారు, కత్తిరించుకుని రండి అన్నారు. కత్తిరించుకొచ్చాక నూనె కూడా ఇవ్వలేదు, నా కుడి చెయ్యి పట్టుకుని వాడి ఛాతీ మీద పెట్టి "ఊరికే ఉంచండి" అన్నారు. ఎంతసేపు అంటే "వాడు ఒప్పుకునే దాకా" అన్నారు. నా అరచేతి కింద వాడి ఛాతీ మొత్తం పట్టేసింది, పైగా చెయ్యి ఇంకా మిగిలింది. గుండె అంత వేగంగా కొట్టుకుంటుందని నాకప్పటిదాకా తెలీదు, పిచ్చుకని పట్టుకున్నట్టుంది. కాసేపటికి వాడు ఒక పెద్ద ఊపిరి తీసి వదిలాడు. అంతే జరిగింది. ఈ రోజుకీ ఆ ఊపిరి నాకు గుర్తుంది.

ఆవిడ చెప్పినవి ఎక్కువేం లేవు. పాలు తాగిన వెంటనే వద్దు, కనీసం అరగంట పైన ఆగండి. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాన్ కింద వద్దు. మంచం మీద చెయ్యొద్దు, నూనె ఒంటితో చేపలా జారిపోతాడు, నేల మీద దుప్పటి పరుచుకోండి. నూనె వాసన లేనిది వాడండి, ముందు కాస్త చర్మం మీద రాసి ఒక రోజు చూసి ఎర్రబడకపోతేనే మిగతా ఒంటికి. చెవుల్లో ముక్కులో చుక్క కూడా వెయ్యొద్దు, ఎవరు చెప్పినా సరే. ఈ ఆఖరిది మాత్రం రెండుసార్లు చెప్పారు. మేము పొద్దుతిరుగుడు నూనె వాడాం. తర్వాతెప్పుడో చదివా, ఆలివ్ నూనె చర్మం పై పొరని బలహీనం చేస్తుందని, పొద్దుతిరుగుడు నూనె నయమని. అప్పుడు అదంతా తెలిసి కాదు, చేతికి దొరికింది అదే.

ఇంటికొచ్చాక మొదటి వారం ఘోరం. బట్టలు విప్పగానే కేరుమనేవాడు. నూనె చేత్తో కాలు పట్టుకుంటే చాలు, రెండు చేతులూ ఒక్కసారి బార్లా చాపి, వేళ్ళు విప్పి, గాల్లో ఏదో పట్టుకోబోయినట్టు మళ్ళీ దగ్గరకి లాక్కుని, అప్పుడు ఏడుపు. నేనే భయపెట్టేశా అనుకుని చెయ్యి వెనక్కి తీసేసుకునేవాడ్ని. అత్తయ్య "ఇటివ్వండి బాబూ" అని ఎత్తుకుంటే ఊరుకునేవాడు, అది ఇంకా అవమానం. ఆ ఉలికిపాటు పిల్లలందరికీ ఉంటుందనీ, ఎర్నెస్ట్ మోరో అనే పిల్లల డాక్టరు 1918లో దాని గురించి రాశాడనీ, అందుకే దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారనీ, నాలుగో నెల దాటాక మెల్లగా పోతుందనీ తర్వాత తెలిసింది. పడిపోతున్నా పట్టుకోండి అని ఒళ్ళు తనంతట తనే చేసే పనట అది. ఇది చదివాక నాకు చాలా ధైర్యం వచ్చింది. అంటే వాడికి నేనంటే భయం కాదు, కింద ఆనుకోడానికి ఏమీ లేదనిపించి ఉలిక్కిపడుతున్నాడు, అంతే. ఆ తర్వాత నించి ఎప్పుడు మొదలుపెట్టినా ముందు వాడి రెండు చేతులూ ఛాతీ మీద దగ్గరగా ముడిచి, నా చెయ్యి పైన అడ్డంగా పెట్టి, ఆ పెద్ద ఊపిరి వచ్చేదాకా ఆగేవాడ్ని. కొన్నిసార్లు వచ్చేది కాదు. రాని రోజు బట్టలు వేసేసేవాడ్ని, అదీ సిస్టర్ గారు చెప్పిందే. మొహం పక్కకి తిప్పుకున్నా, వేళ్ళు బిగుసుకుని విచ్చుకున్నా, ఎక్కిళ్ళు మొదలైనా, వీపు విల్లులా వంచినా చాలు అంటున్నాడని అర్థం, ఇంక వదిలెయ్యండి అని. ఇంత చిన్నవాడికి వద్దు అనే హక్కు ఉంటుందనే ఆలోచనే నాకు కొత్త.

మొదట కాళ్ళతోనే మొదలుపెట్టాలి. పొట్టా ఛాతీ అంటే పిల్లలకి బెరుకు, కాళ్ళయితే ఇచ్చేస్తారు. మూడో వారంలో అనుకుంటా ఒక సాయంత్రం కుడి కాలు పట్టుకుని పైనుంచి కిందకి జారుస్తున్నా, ఏడుపు రాలేదు. తలెత్తి చూస్తే వాడు నన్నే చూస్తున్నాడు. ఆ వయసు పిల్లలకి జానెడు దూరం, మహా అయితే ఇంకో నాలుగు వేళ్ళు, అంటే 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకానే బాగా కనిపిస్తుందట, అవతలంతా మసక. పాలు తాగేటప్పుడు తల్లి మొహం ఉండే దూరం అది. నేను వంగి కూర్చోడం వల్ల నా మొహం సరిగ్గా ఆ దూరంలోకి వచ్చింది. నా కళ్ళలోకి కాదు, జుట్టు నుదురు కలిసే చోట గీతలా ఉంటుంది చూడండి, అక్కడ చూస్తున్నాడు, నలుపూ తెలుపూ కలిసే అంచులే వాళ్ళకి మొదట కనిపిస్తాయి కదా. నాకు అవన్నీ అప్పుడు పట్టలేదు. నన్ను చూస్తున్నాడు, అంతే.

వేగం గురించి చెప్పాలి. నేను మొదట్లో గిన్నె తోమినట్టు తోమేవాడ్ని, త్వరగా అయిపోతే గండం గడిచినట్టు. మా ఆవిడ మంచం మీంచి చూసి "ఎక్కడికో రైలుకి వెళ్ళాలా" అనేది. నెమ్మదిగా చేస్తే వాడి ఒళ్ళు వదులవ్వడం, తొందరపడితే బిగుసుకోవడం నాకే తెలిసొచ్చింది, ఎందుకో మాత్రం చాలా తర్వాత చదివా. మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలుండే చోట, నెమ్మదిగా నిమిరితేనే పలికే నరాలు కొన్ని ఉంటాయట. సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి కదిలితే అవి బాగా స్పందిస్తాయి. అంతకంటే వేగంగా పోయినా, మరీ నత్తలా పోయినా అంతగా పట్టించుకోవు. ఎక్కడ తగిలింది అని చెప్పేవి వేరే నరాలు, ఇవి తగిలింది హాయిగా ఉందని చెప్పేవి. వాడి కాలు తొడ నుంచి చీలమండ దాకా అప్పుడు పదిహేను సెంటీమీటర్లు ఉంటుందేమో, ఐదు అంకెలు లెక్కపెడితే సెకనుకి మూడు. నేను ఏ శాస్త్రం తెలియకుండానే, రైలు ఎక్కకుండా ఉండటానికి పెట్టుకున్న లెక్క అది.

ఆ ఐదు అంకెల మధ్య వాడి ఒంట్లో జరిగేవన్నీ ఒక్కొక్కటీ కనిపించడం మొదలైంది. అరచేతిలో నా వేలు పెడితే బిగించి పట్టుకునేవాడు, నూనె వల్ల జారిపోతుంటే ఇంకా బిగించేవాడు. పిడికిలి తెరిస్తే లోపల దుప్పటి నూలు, ఎప్పటిదో ఎండిన పాలచుక్క, ఒక నల్లటి మడ్డి గీత, వాడి మొదటి ఆస్తి అదంతా. తల ఒకవైపు తిప్పితే ఆ వైపు చెయ్యి చాచుకుని, రెండో చెయ్యి మడిచి, కత్తి యుద్ధానికి దిగినట్టు పడుకునేవాడు. అన్నిటికంటే నాకు నచ్చింది అరికాలు. మడమ నుంచి పైకి అంచు మీదుగా బొటనవేలితో గీస్తే వాడి కాలి బొటనవేలు పైకి లేచేది, మిగతా నాలుగూ విసనకర్రలా విచ్చుకునేవి. ఎన్నిసార్లు గీసినా అంతే. బాబిన్‌స్కీ అనే డాక్టరు 1896లో దీని గురించి రాశాడు, పెద్దవాళ్ళలో ఇలా జరిగితే మెదడులోనో వెన్నులోనో ఏదో తేడా ఉందని డాక్టర్లు అనుమానిస్తారు, పసిపిల్లల్లో అయితే మామూలు, ఏడాది రెండేళ్ళ దాకా ఉంటుంది, మెదడు నుంచి కిందకి వచ్చే దారులు ఇంకా పూర్తిగా సిద్ధం కాకపోవడం వల్ల. నాకు మాత్రం అదొక పూల మొగ్గ విచ్చుకునే ఆట. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చేసి చూపించేవాడ్ని, చుట్టాలు నన్ను అదోలా చూసేవాళ్ళు.

ఇంకోటి చెప్పకపోతే నాకే తోచదు. చంకల కింద పట్టుకుని నిలబెట్టి పాదాలు నేలకి ఆనిస్తే వాడు అడుగులు వేసేవాడు. రెండు వారాల పిల్లాడు! మావాడు నడుస్తున్నాడు అని ఫోన్లు చేసేశా. పుట్టిన పిల్లలందరూ అలా వేస్తారని తెలియదు మరి. రెండో నెల దాటాక ఒక రోజు పట్టుకుంటే కాళ్ళు వేలాడేశాడు. మర్నాడూ అంతే. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడికొచ్చింది పోయింది, ఒత్తి ఒత్తి నేనే ఏదో నరం చెడగొట్టా అని రాత్రంతా నిద్రపోలేదు. అది పోవడం మామూలే అని డాక్టరు గారు నవ్వారు. ఎస్తర్ థెలెన్ అనే పరిశోధకురాలు, తోటివాళ్ళతో కలిసి, 1984లో చెప్పిన సంగతి నేను తర్వాత చదివా. అడుగులు మర్చిపోవడం కాదట, రెండు నెలల్లో కాళ్ళకి కొవ్వు పట్టి బరువు పెరుగుతుంది, కండకి ఆ బరువు లేపే బలం ఇంకా రాదు, అదీ సంగతి. నడుము దాకా నీళ్ళలో ముంచి పట్టుకుంటే బరువు తేలిపోయి మళ్ళీ అడుగులు వేస్తారట. నేను ఊరుకుంటానా, స్నానం టబ్బులో పట్టుకుని చూశా. వేశాడు. నీళ్ళలో, మెల్లగా, కుడీ ఎడమా కుడీ. నేను టబ్బు పక్కన తడిసి ముద్దయి కూర్చుని మా ఆవిణ్ణి కేకేస్తున్నా.

సాయంత్రం ఏడుపులు ఒక పెద్ద అధ్యాయం. ఐదో వారంలో మొదలై ఆరో వారానికి ముదిరింది, సాయంత్రం ఆరు అయ్యేసరికి మొహం కందగడ్డలా చేసుకుని, మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని గంటల తరబడి. పొట్ట మీద బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు రుద్దాలి, పేగు తిరిగే దారి అదే కాబట్టి. తర్వాత రెండు మోకాళ్ళూ మడిచి పొట్టకి మెల్లగా నొక్కి వదలాలి, సైకిల్ తొక్కించాలి. తొక్కిస్తే కొన్నిసార్లు ఇల్లంతా వినపడేలా గాలి వదిలేవాడు, మేమందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. కానీ నిజం చెప్తా, ఆ ఏడుపు నా చేతుల వల్ల తగ్గలేదు. మూడో నెల దాటాక తనంతట తనే పోయింది, అందరి పిల్లలకీ దాదాపు అప్పుడే పోతుందట. ఒళ్ళు పట్టడం వల్ల వాడి ఏడుపు ఎంత తగ్గిందో చెప్పలేను గానీ, ఏడుస్తున్న బిడ్డ దగ్గర చేతులు కట్టుకుని నిలబడకుండా చెయ్యడానికి ఒక పని ఉండటం వల్ల నేను మాత్రం పిచ్చెక్కకుండా బయటపడ్డా.

ఆ ఆరో వారం దాటి ఏడో వారంలోనే నవ్వాడు. నిద్రలో పెదవులు సాగదీసే నవ్వు కాదు, అది పుట్టినప్పటి నుంచీ ఉంది. ఎడమ కాలు అయిపోతోంది, నాలుగూ, ఐదూ అని చీలమండ దగ్గర ఆగా, వాడు నన్ను చూస్తూ ముందు కళ్ళు పెద్దవి చేశాడు, ఏదో గుర్తొచ్చినట్టు, తర్వాత మొహం మొత్తం విచ్చుకుంది. చిగుళ్ళన్నీ కనిపించే బోసినవ్వు. నేను మళ్ళీ ఐదూ అన్నా, మళ్ళీ నవ్వాడు. మా ఆవిడ అప్పుడు స్నానానికి వెళ్ళింది, వచ్చాక చెప్తే నమ్మలేదు, పాలు తాగి పొట్టలో గాలికి నవ్వుంటాడు అంది. మర్నాడు నా పక్కన వచ్చి కూర్చుంది. నేను ఐదూ అన్నా. వాడు నవ్వాడు, నన్ను చూసి కాదు, తనని చూసి. అప్పుడు తను ఏడ్చింది. ఆ రెండు నెలలూ తను చాలా దిగులుగా ఉండేదనీ, వాడు పాలకోసం తప్ప తనని చూడట్లేదని అనుకునేదనీ నాకు అప్పుడే చెప్పింది. ఆ రోజు నించి ఛాతీ, చేతులు తనవి, కాళ్ళు నావి. వాడి మీదుగా మా ఇద్దరి చేతులూ తగిలేవి, అప్పటికి చాలా రోజులై ఉంటుంది మేము అలా పక్కపక్కన కూర్చుని.

అందరూ చెప్పేవాళ్ళు, ఒళ్ళు పడితే ఎముకలు గట్టిపడతాయి, తొందరగా నడుస్తాడు, చక్కగా ఎత్తు పెరుగుతాడు అని. నేనూ నమ్మా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో మాత్రం ఒక గట్టి సంగతి ఉంది, టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ బృందం 1986లో రాసింది, రోజుకి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజులు ఒళ్ళు పట్టిన పిల్లలు పట్టని వాళ్ళకంటే రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని. అది ఆస్పత్రిలో, తెలిసినవాళ్ళు చేసింది, నెలలు నిండని పసిగుడ్డులకి. మావాడు నెలలు నిండే పుట్టాడు, వాడి బరువు వాడి పాలతో పెరిగింది, ఐదో నెలకి రెట్టింపు అయ్యాడు. నాకు దొరికిన లాభం వేరు. వాడి ఒళ్ళు నాకు కంఠతా వచ్చింది. వీపు మీద కుడి భుజం కింద పుట్టుమచ్చ, ఎడమ తొడ మీద మూడు మడతలు కుడి తొడ మీద రెండే (ఇది డాక్టరుకి చూపించాం, తుంటి కీలు పరీక్ష చేసి బాగానే ఉందన్నారు), టీకా వేసిన చోట చిన్న గట్టి ఉండ, అది ఎన్ని రోజులకి కరిగిందో కూడా. టీకా రోజు ఆ తొడ జోలికి వెళ్ళేవాడ్ని కాదు.

మూడో నెలలో ఒకసారి తల నిమురుతుంటే కుడివైపు వెనక భాగం చదునుగా తగిలింది. కంటికి కనపడలేదు, చేతికే తెలిసింది. వెల్లకిలా పడుకోబెట్టడమే సురక్షితం, 1990ల నించి డాక్టర్లు అదే గట్టిగా చెప్తున్నారు, నిద్రలో ఊపిరి ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది. కానీ ఎప్పుడూ ఒకే వైపు తల తిప్పి పడుకుంటే పుర్రె మెత్తన కాబట్టి అలా అణుగుతుంది. వాడు కిటికీ వైపు చూడటానికి ఎప్పుడూ కుడికే తిరిగేవాడు. పడుకోబెట్టే దిక్కు మార్చాం, మెలకువగా ఉన్నప్పుడు మేం చూస్తుండగా రోజూ బోర్లా వేయడం మొదలుపెట్టాం. మొదట్లో ముక్కు దుప్పటికి రుద్దుకుని తిట్టినట్టు మూలిగేవాడు. తర్వాత తాబేలులా తల ఎత్తాడు. వీపు పట్టడానికి అదే సమయం, మెడ నుంచి కిందకి, వెన్నెముక మీద కాకుండా రెండు పక్కలా.

నాలుగో నెల నించి మా పని కష్టమైంది. చేతులు వాడికి దొరికాయి. అంతకుముందు వాడి చేతులు వాడివి కాదు, మొహం ముందు తేలుతూ వెళ్ళే ఏవో వస్తువులు. ఇప్పుడు ఒకదాన్ని ఒకటి పట్టుకుని తిప్పి తిప్పి చూసుకునేవాడు. తర్వాత నూనె సీసా కావాలన్నాడు. తర్వాత నా కళ్ళజోడు. ఐదో నెలలో ఒక కాలికి నూనె రాసి రెండో కాలు పట్టుకునేలోపే బోర్లా పడిపోయాడు, తిప్పి పడుకోబెడితే మళ్ళీ బోర్లా, ఒళ్ళంతా నూనె, చేతికి చిక్కడు, అది ఒళ్ళు పట్టడం కాదు కుస్తీ పట్టడం. ఏడో నెలలో ఆసరా లేకుండా కూర్చున్నాడు. కూర్చుని నేను వాడి కాలికి చేస్తుంటే వాడు నా మోకాలికి నూనె పూసేవాడు, గంభీరంగా, అరచెయ్యి ఆనించి.

మావాడు దోగాడలేదు. కూర్చునే దేకేవాడు, ఒక కాలు ముడిచి ఒక చెయ్యి ఊని, ఇల్లంతా ఊడ్చుకుంటూ. ఇంత ఒళ్ళు పట్టించుకున్నవాడు ఇంకా దోగాడడేంటి అని అడిగిన వాళ్ళకి లెక్క లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని చూసి 2006లో ఇచ్చిన లెక్కలో, చేతులూ మోకాళ్ళ మీద అసలు దోగాడకుండానే నడిచేసిన వాళ్ళు నూటికి నలుగురు పైన ఉన్నారు. సొంతంగా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా రావచ్చట. ఆ కాగితం ఒకటి మడిచి పర్సులో పెట్టుకుని తిరిగా కొన్నాళ్ళు, అడిగిన వాళ్ళకి చూపించడానికి. ఎవరికీ చూపించలేదు, ఊరికే ఉంటే ధైర్యం. వాడు పద్నాలుగో నెలలో నడిచాడు. గోడ వదిలి నాలుగు తప్పటడుగులు వేసి, ఐదోది వెయ్యకుండా కూలబడ్డాడు.

చివరిసారి ఎప్పుడు ఒళ్ళు పట్టానో నాకు తెలీదు. మొదటి ఊపిరి గుర్తుంది, మొదటి నవ్వు గుర్తుంది, ఆఖరి రోజు మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఒక రోజు తీరిక లేదు, ఒక రోజు వాడికి జలుబు, ఒక రోజు పారిపోయాడు. నూనె సీసా స్నానాల గదిలో అలాగే చాన్నాళ్ళు ఉండి అడుగున జిగటగా మిగిలింది.

పోయిన వారం రాత్రి ఇవన్నీ తలుచుకుంటూ ఎంతసేపు ఒత్తానో. వాడు పడుకున్నాడేమో అనుకుంటుంటే చీకట్లోంచి అడిగాడు.

"నాన్నా, నేను చిన్నప్పుడు కూడా ఇలాగే చేసేవాడివా?"

"నీకెలా తెలుసు?"

"అమ్మ చెప్పింది. నాకేం గుర్తులేదు."

ఎలా గుర్తుంటుంది, ఆ వయసువి ఎవరికీ ఉండవు. నేనేం మాట్లాడలేదు. వాడి పాదం ఇప్పుడు నా అరచేతిలో పట్టదు, చెప్పు సైజు ఇంకో ఏడాదిలో నాదే. మడమ దగ్గర చర్మం గరుగ్గా, చిటికెన వేలి కింద ఆట దెబ్బ మచ్చ, అది ఎప్పుడు తగిలిందో నాకు తెలీదు. ఏమనిపించిందో మరి, మడమ నుంచి అంచు మీదుగా బొటనవేలితో మెల్లగా పైకి గీశా. బొటనవేలు పైకి లేవలేదు. ఐదు వేళ్ళూ కిందకి ముడుచుకుపోయాయి, పాదం మొత్తం విదిలించుకుని వాడు కెవ్వుమన్నాడు.

"నాన్నా! చక్కిలిగింతలు పెట్టకు!"

"సరే, సరే. రెండోది ఇటివ్వు."

ఇచ్చాడు.